ఆదిలోనే హంసపాదు - ఒక లీగు తొలి సీజను చెప్పే పాఠం

ఏదైనా ఒక పని మొదట్లోనే తడబడితే ‘ఆదిలోనే హంసపాదు’ అని పెదవి విరవడం మనకు అలవాటు. ఆ పని చేపట్టినవారు స్త్రీలయితే ఆ విరుపులో మరికొంత తీర్పు కూడా కలుస్తుంది. ‘ఇది జరిగేది కాదని ముందే అనుకున్నాం’ అనే మాట వెంటనే వినిపిస్తుంది. మహిళల క్రీడల విషయంలో ఈ మాట అనేక పర్యాయాలు, అనేక దేశాలలో వినిపించినది. 1978-79లో అమెరికాలో జరిగిన మహిళా వృత్తి బాస్కెట్‌బాల్ లీగు తొలి సీజను కథను మన విద్యార్థినీ విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచి, ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో పరిశీలించదలిచాం.

బాస్కెట్‌బాల్ ఆటను 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు రూపొందించాడు. మరుసటి సంవత్సరమే, అంటే 1892లో, సమీపంలోని నార్తాంప్టన్ పట్టణంలో స్మిత్ మహిళా కళాశాల ఉపాధ్యాయురాలు సెండా బెరెన్సన్ ఆ ఆటను తమ విద్యార్థినులకు నేర్పారు. కనుక ఈ ఆట పురుషులకూ స్త్రీలకూ ఇంచుమించు ఒకేసారి అందినదని చెప్పవచ్చు. తేడా వచ్చినది నియమాలలో. స్త్రీల శరీరానికి శ్రమ మించరాదన్న ఆనాటి భావన వల్ల కోర్టును మూడు భాగాలుగా విభజించి, ఒక భాగంలో నిలిచిన క్రీడాకారిణి ఆ భాగం గీత దాటరాదని కట్టడి చేశారు. ఎదుటివారి చేతిలోని బంతిని లాగుకోరాదన్నారు. 1893 మార్చిలో ఆ కళాశాలలో జరిగిన పోటీకి పురుష ప్రేక్షకులను రానీయలేదు. కాలక్రమంలో ఈ నియమాలు కొంత సడలినా, అమెరికా కళాశాలల్లో ఐదుగురు స్త్రీలు జట్టుగా కోర్టు అంతటా తిరిగి ఆడే పద్ధతి స్థిరపడడానికి 1971వ సంవత్సరం దాకా పట్టినది. సుమారు 80 ఏళ్ళు గీత దాటకుండా ఆడమని నేర్పి, ఆ గీత చెరిపిన ఏడేళ్ళకే పెట్టిన లీగును పురుషుల లీగుతో తూకం వేయడం ఎంత తొందరపాటో పాఠకులే ఆలోచించాలి.

ఆ ఏడేళ్ళలో జరిగినది మాత్రం సామాన్యమైన మార్పు కాదు. 1972 జూన్ 23న అమెరికాలో ‘టైటిల్ నైన్’ అనే చట్టం అమలులోకి వచ్చినది. ప్రభుత్వ ధనం పొందే ఏ విద్యాసంస్థలోనూ స్త్రీ పురుష భేదాన్ని బట్టి ఎవరికీ అవకాశం నిరాకరించరాదని ఆ చట్టం శాసించినది. దానికి ముందు, 1971-72 విద్యాసంవత్సరంలో, ఉన్నత పాఠశాలల జట్లలో ఆడే బాలికల సంఖ్య దేశమంతటా 3 లక్షల లోపే ఉండేది. 1977-78 నాటికి అది 20 లక్షలు దాటినది. బాలికలలో శక్తి ఒక్కసారిగా పుట్టుకురాలేదు. ఉన్న శక్తికి తలుపు తెరుచుకున్నది, అంతే.

ఈ సందర్భంలో ఒక చిన్న కళాశాలను ప్రత్యేకంగా పేర్కొనాలి. ఫిలడెల్ఫియా సమీపంలో క్యాథలిక్ సన్యాసినులు నడిపే ఇమ్మాక్యులాటా అప్పట్లో కొద్దిమంది విద్యార్థినులు మాత్రమే చదివే మహిళా కళాశాల. 1967లో అక్కడి వ్యాయామశాల అగ్నిప్రమాదంలో కాలిపోయినది. 1970లో శిక్షకురాలిగా వచ్చిన కేథీ రష్‌కు కళాశాల ఇచ్చిన వేతనం ఏడాదికి 450 డాలర్లు. 1972లో మహిళా కళాశాల జట్లకు మొదటి జాతీయ పోటీలు ఇల్లినాయ్ రాష్ట్రంలో జరిగినప్పుడు, ప్రయాణ ఖర్చుల కోసం విద్యార్థినులు పళ్ళు తోముకొనే బ్రష్షులు అమ్మి డబ్బు కూడబెట్టారు. అది చాలక ఎనిమిది మంది మాత్రమే వెళ్ళారు. వెళ్ళిన ఆ ఎనిమిది మందే వెస్ట్ చెస్టర్ జట్టును 52-48 పాయింట్లతో ఓడించి జాతీయ విజేతలైనారు. 1973, 1974 సంవత్సరాలలోనూ విజయం వారినే వరించినది. సన్యాసినులు బక్కెట్లు వాయిస్తూ తమ విద్యార్థినులను ఉత్సాహపరిచేవారట. 1975 ఫిబ్రవరిలో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఈ కళాశాల జట్టు క్వీన్స్ కళాశాల జట్టుతో తలపడినప్పుడు చూడవచ్చినవారు సుమారు 12,000 మంది. స్త్రీల ఆటను డబ్బిచ్చి ఎవరు చూస్తారన్న ప్రశ్నకు మొదటి సమాధానం ఇలా ఒక చిన్న కళాశాల నుంచి వచ్చినదని మా అభిప్రాయం.

1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో మహిళల బాస్కెట్‌బాల్ మొదటిసారిగా చేరినది. సోవియట్ జట్టుకు స్వర్ణం, అమెరికా జట్టుకు రజతం లభించాయి. ఆ ఉత్సాహాన్ని గమనించిన బిల్ బైర్న్ అనే క్రీడా వ్యాపారి ‘ఉమెన్స్ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్’ పేరుతో ఎనిమిది జట్ల లీగును నెలకొల్పాడు. చికాగో, మిల్వాకీ, అయోవా, మిన్నెసోటా, డేటన్, హ్యూస్టన్, న్యూజెర్సీ, న్యూయార్క్ - ఇవీ ఆ ఎనిమిది. 1978 జూలైలో క్రీడాకారిణుల ఎంపిక జరిగినది. అందరికన్నా ముందు హ్యూస్టన్ జట్టు ఎన్నుకున్న పేరు యాన్ మేయర్స్. కాని ఆమె ఆ సీజనులో ఆడలేదు. న్యూజెర్సీ జట్టు కోరిన కెరోల్ బ్లేజియోవ్‌స్కీ కూడా చేరలేదు. జీతం తీసుకున్నవారు వృత్తి క్రీడాకారులవుతారు. వారికి ఆనాటి నిబంధనల ప్రకారం ఒలింపిక్ జట్టులో చోటు లేదు. 1980 మాస్కో క్రీడల కోసం బ్లేజియోవ్‌స్కీ వేచి ఉన్నారు. తీరా అమెరికా ఆ క్రీడలను బహిష్కరించినది. ఆ తరం క్రీడాకారిణులకు ఎటు చూసినా ఒక గీత అడ్డుగానే ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది.

1978 డిసెంబరు 9న మిల్వాకీ నగరంలో తొలి పోటీ జరిగినది. మిల్వాకీ డోస్ జట్టును చికాగో హస్సిల్ జట్టు 92-87 తేడాతో ఓడించినది. ప్రేక్షకులు 7,824 మంది. ఈ సంఖ్య పక్కన మరొక సంఖ్యను ఉంచి చూడాలని మా మనవి. నేడు ప్రపంచ ప్రసిద్ధి గాంచిన పురుషుల ఎన్.బి.ఎ. లీగు 1946 నవంబరు 1న వేరొక పేరుతో ప్రారంభమైనది. ఆనాడు టొరంటోలో జరిగిన తొలి పోటీకి వచ్చినవారు 7,090 మంది. ఆ లీగు పదకొండు జట్లతో మొదలై, మొదటి సీజను ముగియగానే నాలుగు జట్లను పోగొట్టుకున్నది. అయినా పురుషులకు ఈ ఆట చేతకాదని ఎవరూ అనలేదు. వ్యాపారం కుదురుకోవడానికి సమయం పడుతుందన్నారు. ఆ సమయం ఇచ్చారు. స్త్రీల లీగుకు లభించనిది ఆ సమయమే.

తొలి సీజను ఆటలో లోపం ఉన్నదని ఎవరూ అనలేరు. ఒక్కొక్క జట్టు 34 పోటీలు ఆడినది. చికాగో జట్టు పోటీలను అక్కడి టెలివిజన్ కేంద్రం ప్రసారం చేసినది. ఆ జట్టుకు చెందిన రీటా ఈస్టర్లింగ్ సీజను ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనారు. అయోవా జట్టు విషయం మరింత ఆసక్తికరమైనది. వ్యవసాయ ప్రధానమైన ఆ రాష్ట్రంలో బాలికల బాస్కెట్‌బాల్ 1920 నుంచి రాష్ట్రస్థాయి పోటీగా సాగుతున్నది. ఆనాడు జట్టుకు ఆరుగురు, ముగ్గురు బుట్టలో బంతి వేసేవారు, ముగ్గురు అడ్డుకొనేవారు, ఎవరి సగం వారిదే. చిన్న చిన్న పల్లెల నుంచి జనం తరలివచ్చి రాజధాని డి మోయిన్‌లోని సభామందిరాన్ని నింపేవారు. అటువంటి పల్లెబడిలో ఆడి పెరిగిన మోలీ బోలిన్ అయోవా జట్టు మొదట సంతకం చేయించుకున్న క్రీడాకారిణి. ఆమె బంతి వేసే వేగాన్ని బట్టి ‘మెషిన్ గన్ మోలీ’ అన్న పేరు స్థిరపడినది. 1979 వసంతంలో జరిగిన తుది పోటీలలో హ్యూస్టన్ ఏంజిల్స్ జట్టు ఈ అయోవా జట్టును అయిదింట మూడు పోటీలలో గెలిచి తొలి విజేతగా నిలిచినది. రెండు జట్లూ చివరి పోటీ దాకా పోరాడినాయి. అంతకన్నా మంచి ముగింపును ఏ లీగు కోరుకుంటుంది?

మరి ఇంత బాగా ఆడిన లీగు ఎందుకు నిలవలేదు? కారణాలు కోర్టు వెలుపల ఉన్నాయి. మొదటిది వేతనం. క్రీడాకారిణులలో ఎక్కువమందికి ఒప్పుకున్న జీతం ఏడాదికి 5,000 నుంచి 15,000 డాలర్ల మధ్య ఉండేది. ఆ కొద్ది మొత్తం కూడా అన్ని జట్లలో సకాలంలో అందలేదు. రెండవది, ఆటకన్నా అలంకారం మీద యజమానులకు ఉన్న నమ్మకం. జట్ల పేర్లే చూడండి: ఏంజిల్స్ అంటే దేవకన్యలు, జెమ్స్ అంటే రత్నాలు, డోస్ అంటే ఆడలేళ్ళు, ఫిల్లీస్ అంటే ఆడగుర్రపు పిల్లలు. రెండవ సీజనులో చేరిన కాలిఫోర్నియా జట్టు తన క్రీడాకారిణులను సింగారం, నడక నేర్పే శిక్షణకు పంపినది. బంతిని బుట్టలో వేసే చేతికి జీతం ఇవ్వలేనివారు ఆ చేతికి సింగారం నేర్పడం ఎవరి లాభం కోసం? మూడవది, పునాది ఆరకముందే మేడ మీద మేడ కట్టాలన్న ఆత్రం. మొదటి సీజను ఎనిమిది జట్లకే కష్టంగా గడిచినది. అయినా రెండవ సీజనుకు జట్ల సంఖ్యను పద్నాలుగుకు పెంచారు. వాటిలో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా జట్లు పట్టుమని పది పోటీలు ఆడగానే మూతపడినాయి. తొలి విజేత హ్యూస్టన్, రెండవ విజేత న్యూయార్క్, రెండుసార్లు తుది పోటీకి చేరిన అయోవా - ఈ మూడు జట్లూ 1980లోనే కనుమరుగైనాయి. గెలిచినవారికే నిలవడానికి చోటు లేకపోతే ఓడినవారి సంగతి చెప్పనక్కరలేదు.

1981 మార్చిలో జరిగిన ఒక సంఘటన ఈ లీగు చరిత్రలో మరువరానిది. నెలల తరబడి జీతాలు రాని మిన్నెసోటా ఫిల్లీస్ క్రీడాకారిణులు చికాగోలో పోటీకి సిద్ధమై వచ్చి, ఆట మొదలు కావలసిన సమయంలో కోర్టు విడిచి వెళ్ళిపోయారు. కొందరు దీనిని క్రమశిక్షణా లోపమన్నారు. మేము అలా భావించడం లేదు. ఆడవలసినంతకాలం ఆడి, అడగవలసిన రీతిలో అడిగి, చివరకు తమ శ్రమకు విలువ ఉన్నదని చెప్పడానికి వారికి మిగిలిన మార్గం అదొక్కటే. ఆ సంవత్సరమే, మూడవ సీజనుతో లీగు ముగిసినది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. ‘వ్యాపారం వ్యాపారమే, ప్రేక్షకులు తగినంతమంది వస్తే లీగు నిలుస్తుంది, రాకపోతే పోతుంది, ఇందులో న్యాయాన్యాయాల ప్రసక్తి ఎందుకు?’ అని కొందరు అడుగుతారు. ఈ వాదంలో కొంత నిజం లేకపోలేదు. టిక్కెట్టు కొనేవాడు లేని ఆటను ఎవరూ ఎల్లకాలం నడపలేరు. కాని ప్రేక్షకులు ఆకాశం నుంచి ఊడిపడరు. వార్తాపత్రిక రాయాలి, టెలివిజన్ చూపాలి, బడిలో ఆడినవారు పెద్దవారై ఆటను గుర్తించాలి. ఇదంతా జరగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళ నష్టాన్ని భరించే పెద్దదిక్కు ఉన్న లీగు నిలుస్తుంది. దీనికి నిదర్శనం 1997లో కనిపించినది.

1984లో బిల్ బైర్నే మరొక లీగును ప్రయత్నించి విఫలుడైనాడు. 1996లో ‘అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్’ మొదలై, 1998 డిసెంబరులో మూతపడినది. కాని 1997లో ఎన్.బి.ఎ. తానే వెనుక నిలిచి డబ్ల్యు.ఎన్.బి.ఎ. లీగును ప్రారంభించినది. వేసవిలో ఖాళీగా ఉండే పెద్ద మందిరాలు ఉన్నాయి. మూడు టెలివిజన్ సంస్థలతో ముందే ఒప్పందాలు కుదిరాయి. మళ్ళీ ఎనిమిది జట్లే. 1997 జూన్ 21న లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన తొలి పోటీకి 14,284 మంది వచ్చారు. న్యూయార్క్ 67-57 తేడాతో గెలిచినది. తొలి సీజను విజేత ఈసారీ హ్యూస్టన్ నగరపు జట్టే. ఆ జట్టును ముందుకు నడిపిన సింథియా కూపర్ వయస్సు అప్పటికి 34. స్వదేశంలో లీగు లేనందున ఆమె తన యౌవనంలో చాలా భాగం యూరప్ దేశాలలో ఆడుతూ గడిపారు. ఆమె ఆట 1997లో పుట్టినది కాదు. 1981లో మూసిన తలుపు పదహారేళ్ళు మూసి ఉండకపోతే, ఆమె తరం వారిని స్వదేశీయులు ఎంత ముందుగా చూడగలిగేవారో!

అటువంటప్పుడు 1978-79 తొలి సీజను వ్యర్థమైనదా? కాదని మా నిశ్చితాభిప్రాయం. పురుషుల బంతికన్నా కొంచెం చిన్న బంతిని ఆ లీగు వాడినది. కొన్నేళ్ళకు కళాశాలలూ ఆ కొలతనే స్వీకరించాయి. ఆ లీగులో ఆడినవారు శిక్షకులై, ఉపాధ్యాయులై, తల్లులై తరువాతి తరానికి ఆట అందించారు. 2018లో మహిళా బాస్కెట్‌బాల్ కీర్తిమందిరం ఆ లీగు క్రీడాకారిణులందరినీ మార్గదర్శకులుగా గుర్తించి గౌరవించినది. పల్లెబడులలో బాలికల ఆటను పోషించిన అదే అయోవా రాష్ట్రం నుంచి వచ్చిన కెయిట్లిన్ క్లార్క్ 2024లో కళాశాల క్రీడలో పురుషుల రికార్డును సైతం దాటి పాయింట్లు సాధించారు. వేరు ఎక్కడ ఉన్నదో చూస్తేనే కొమ్మ సంగతి అర్థమవుతుంది.

మన దేశం విషయానికి వద్దాం. మన క్రీడాకారిణులలో అనేకులను నిలబెట్టినది మొన్నమొన్నటి దాకా లీగులు కావు, రైల్వే ఉద్యోగం. హైదరాబాదులో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ రైల్వేల తరఫున ఆడుతూ, ఆ ఉద్యోగపు అండతో రెండు దశాబ్దాలకు పైగా దేశానికి క్రికెట్ ఆడారు. కేరళకు చెందిన బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి గీతూ అన్నా జోస్ దక్షిణ రైల్వే ఉద్యోగిని. 2011లో డబ్ల్యు.ఎన్.బి.ఎ. జట్ల ఎంపిక పరీక్షలకు ఆహ్వానం అందుకున్న భారతీయురాలు ఆమె. నెల మొదట్లో తప్పక చేతికందే జీతం ఎంత గొప్ప శిక్షకురాలో వీరి జీవితాలు చెబుతాయి. అమెరికా లీగు తన క్రీడాకారిణులకు ఇవ్వలేకపోయినది సరిగ్గా ఇదే. ఇక మహిళల క్రికెట్‌కు ఉమెన్స్ ప్రీమియర్ లీగ్ 2023 మార్చిలో ఐదు జట్లతో మొదలైనది. మిథాలీ రాజ్ 2022 జూన్‌లోనే ఆట నుంచి విరమించుకున్నారు. దారి వేసినవారు ఆ దారిన నడవడానికి నోచుకోకపోవడం ఒక్క అమెరికా కథే కాదన్నమాట.

ఈ కథ నుంచి కళాశాలవారు గ్రహించవలసినది చాలా ఉన్నది. లీగులు పెట్టడం కళాశాల పని కాదు. కాని ప్రతి లీగుకూ మూలం ఒక పాఠశాల మైదానమో, ఒక కళాశాల కోర్టో అయి ఉన్నది. ఇమ్మాక్యులాటాకు వ్యాయామశాల లేకపోయినా జట్టు ఉన్నది. దానికి కారణం అక్కడి పెద్దలు ఆటను చదువుకు శత్రువుగా చూడకపోవడమే. ఏ కళాశాలలోనైనా కమిటీవారు ఆలోచించదగినవి మూడు ఉన్నాయని మా మనవి. విద్యార్థినులకు ఆట గంటను కాలక్రమ పట్టికలో స్థిరంగా కేటాయించి, పరీక్షలు దగ్గరపడినాయని దానిని మొదట రద్దు చేయకుండా ఉండడం ఒకటి. శిక్షణకు ఒక స్త్రీ ఉపాధ్యాయురాలిని నియమించి, ఆమెకు తగిన వేతనం సకాలంలో ఇవ్వడం రెండవది. పోటీలకు వెళ్ళే జట్టుకు దారిఖర్చులు, వెంట ఒక పెద్దదిక్కు సమకూర్చి, తల్లిదండ్రులకు భరోసా కలిగించడం మూడవది. ఇవేవీ లక్షలతో కూడిన పనులు కావు. మాట ఇచ్చి నిలబెట్టుకోవలసిన పనులు మాత్రమే.

విద్యార్థినులకు కూడా ఒక మాట. మొదటి సంవత్సరం మీ జట్టు ఓడిపోవచ్చు. చూడడానికి పదిమంది కూడా రాకపోవచ్చు. అంతమాత్రాన ఆ సంవత్సరం వృథా అనుకోకండి. రెండవ సంవత్సరం చేరే చెల్లెళ్ళకు ఒక జట్టు సిద్ధంగా ఉంటుంది. మీకు లేనిది అదే.

హంసపాదు అన్న మాటకు అసలు అర్థం కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. తాటాకు ప్రతులు రాసే లేఖకులు పంక్తిలో ఒక అక్షరం విడిచిపోతే, అక్కడ హంస పాదం ఆకారంలో ఒక గుర్తు పెట్టి, విడిచిపోయిన అక్షరాన్ని పైన చేర్చేవారు. ఆ గుర్తు చూసి ప్రతిని పారవేసినవారు లేరు. చదివేవారు ఆ అక్షరాన్ని దాని చోట చేర్చుకొని ముందుకు సాగేవారు. 1978-79 తొలి సీజను క్రీడాచరిత్రలో అటువంటి గుర్తే. విడిచిపోయిన అక్షరాలు అక్కడ ఉన్నాయని అది చూపినది. వాటిని చేర్చి చదవడం మన అందరి బాధ్యత.